నేల టికెట్టు



మొన్నొక శుక్రవారం సాయంత్రం మాలియాలో టీ తాగుతూ నలుగురం కూర్చున్నాం. మాటల్లో నేను "నేల టికెట్టు" అన్నాను. మాలో అందరికంటే చిన్నవాడు, ఇరవై రెండేళ్ళుంటాయేమో, "రవితేజ సినిమా కదన్నా, 2018లో వచ్చింది" అన్నాడు. అతని తప్పేం లేదు. ఆ పేరుతో సినిమా రావడమూ నిజమే, అతను సినిమా చూసే వయసుకొచ్చేసరికి హాళ్ళలో నేల తరగతి లేకపోవడమూ నిజమే. తెర ముందు నేలమీద చతికిలబడి, మెడ పైకెత్తి సినిమా చూసేవాడి టికెట్టు అది అని చెబితే, "అట్ల కూడా చూస్తాండ్రా?" అని నవ్వాడు.

చూసేవారు. సినిమా రాకముందు నాటకాలు కూడా అలాగే చూసేవారు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ నేలమీద కూర్చున్నవాళ్ళ గురించి. నాటకాలు రాసినవాళ్ళ గురించి, ఆడినవాళ్ళ గురించి పుస్తకాలు ఉన్నాయి. చూసినవాళ్ళ గురించి తక్కువ. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను, కంప్యూటర్ల పని చేసుకునేవాణ్ణి. కానీ ఒకసారి ఆఫీసు పనిమీద లండన్ వెళ్ళినప్పుడు, థేమ్స్ నది ఒడ్డున 1997లో మళ్ళీ కట్టిన గ్లోబ్ థియేటర్‌లో 5 పౌండ్ల టికెట్టు కొని, మూడు గంటలు నిలబడి షేక్‌స్పియర్ నాటకం చూశాను. అక్కడ ఆ టికెట్టు వాళ్ళకి కుర్చీ ఉండదు. నెత్తిమీద కప్పు కూడా ఉండదు. కాళ్ళు పీకుతున్నాయి, పైన విమానాలు పోతున్నాయి, పక్కనున్న ఆవిడ నా భుజం మీదుగా తొంగి చూస్తోంది. ఎందుకో తెనాలి దగ్గర మా ఊళ్ళో మా తాతయ్య చెప్పిన నాటకాల కబుర్లు వరసగా గుర్తుకొచ్చాయి. నాలుగు వందల ఏళ్ళ కింద అక్కడ నిలబడ్డవాడూ, తొంభై ఏళ్ళ కింద మా ఊళ్ళో చాప పరుచుకున్న మా తాతయ్యా ఒకే తరగతి టికెట్టు వాళ్ళని అప్పుడు తట్టింది.

ముందు మన సంగతి. మనలో చాలామందిది కడప వైపు. కువైట్‌లో ఏ సందులో నిలబడి "ఏ ఊరన్నా?" అని అడిగినా రాయచోటో, రాజంపేటో, కోడూరో వినపడుతుంది. అందుకని ఇది గట్టిగా చెప్పాలి. గండి ఆంజనేయస్వామి గుడి ఉందే, ఆ చక్రాయపేట మండలంలోనే సురభి అని ఒక ఊరుంది. 1885లో ఆ ఊళ్ళో "కీచక వధ" నాటకం ఆడారు. ఆడించినవారు వనారస గోవిందరావు, ఆయన అన్నదమ్ములు, బంధువులు. మరాఠీ మూలాలున్న తోలుబొమ్మలాట కుటుంబాలు వాళ్ళవి. తరాలుగా తెర వెనక నిలబడి బొమ్మలకి గొంతు అరువిచ్చినవాళ్ళు, ఆ రోజు బొమ్మల్ని పక్కనపెట్టి తామే వేషం కట్టుకుని వచ్చారు. ఊరి పేరు వాళ్ళకి ఇంటిపేరు కంటే పెద్దదై కూర్చుంది. ఇవాళ సురభి అంటే నాటకమే, ఊరు ఎవరికీ గుర్తురాదు. మీ జిల్లావాళ్ళకైనా గుర్తుండాలని నా ఆశ.

అంతకు అయిదేళ్ళ ముందే, 1880లో, కందుకూరి వీరేశలింగంగారు రాజమండ్రిలో నాటకాలాడించారు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు, కోలాచలం శ్రీనివాసరావుగారు నాటక సభలు పెట్టారు. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. అయితే అవి చాలావరకు చదువుకున్నవాళ్ళ సభలు, ప్లీడర్లూ పంతుళ్ళూ విద్యార్థులూ. సురభి వాళ్ళు అలా కాదు. నాటకమే తిండి. డేరా, తెరలు, పిల్లలు, ముసలివాళ్ళు, వంటసామాను అన్నీ బండ్లకెక్కించుకుని ఒక ఊళ్ళో దిగితే, జనం వచ్చినన్నాళ్ళు అక్కడే ఉండేవాళ్ళు. రోజుకో నాటకం. ఇవాళ మాయాబజారు, రేపు బాలనాగమ్మ, ఎల్లుండి బ్రహ్మంగారి చరిత్ర. నిన్న వచ్చినవాడే ఇవాళా రావాలి కాబట్టి నిన్నటిది ఇవాళ ఆడితే కడుపు నిండదు.

లండన్‌లోనూ సరిగ్గా ఇదే లెక్క. అక్కడి నాటకాల వ్యాపారి ఫిలిప్ హెన్‌స్లో అనే ఆయన జమాఖర్చుల పుస్తకం ఒకటి మిగిలి ఉంది. దాని ప్రకారం 1594-95లో ఒక్క కంపెనీ 38 నాటకాలు ఆడింది, అందులో 21 కొత్తవి. రెండు లక్షల జనాభా ఉన్న ఊళ్ళో చూసినవాళ్ళనే మళ్ళీ మళ్ళీ రప్పించాలి మరి. నటుడి బుర్రలో ఒకే వారంలో అయిదారు నాటకాలు కదలాలి. మన సురభి పిల్లవాడికి పదేళ్ళు వచ్చేసరికి ప్రహ్లాదుడూ లవుడూ కుశుడూ బాలకృష్ణుడూ అందరూ కంఠస్థం. అవసరాన్ని మించిన గురువు లేడు.

ఇక నాటకానికి వెళ్ళడం. మా తాతయ్య చెప్పిందే చెబుతాను, ఎందుకంటే ఆయన చెప్పినంత బాగా నేను ఎక్కడా చదవలేదు. పక్క ఊళ్ళో నాటకం అంటే సాయంత్రమే అన్నాలు తినేసి బయల్దేరేవారట. ఆడవాళ్ళూ పిల్లలూ బండ్లలో, మగవాళ్ళు నడక. చంకలో చాప, పైగుడ్డలో వేయించిన వేరుశనక్కాయల మూట, చేతిలో లాంతరు. ముందు వెళ్ళినవాడు స్టేజీ ముందు చాప పరిచేస్తే ఆ జాగా వాడిది. తర్వాత వచ్చిన బావమరిదికి కూడా కదలడు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. పెట్రొమాక్సు లైట్లు, వాటి చుట్టూ పురుగులు. పదింటికి మొదలన్న నాటకం పదకొండుకి మొదలు. ముందు హార్మోనియం ఆయన వచ్చి కూర్చుంటాడు. ఆయన శ్రుతి వేసి నాలుగు మెట్లు వాయించేసరికి, నాటకం ఎలా ఉండబోతుందో నేలమీదవాళ్ళకి తెలిసిపోతుంది. తర్వాత వేషాలు కట్టినవాళ్ళందరూ వరసగా నిలబడి ప్రార్థన. ఆ తర్వాత తెల్లారేదాకా నాటకమే.

అప్పటికి కాంట్రాక్టు నాటకాలు వచ్చేశాయి. కాంట్రాక్టరు పేరున్న నటుల్ని ఒక రాత్రికి మాట్లాడుకుని తెచ్చి ఆడించడమన్నమాట. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలంటే పడిచచ్చేవారు. అందులో కృష్ణుడు ముఖ్యం. జనానికి ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఇష్టం. అయితే ఏం, ముగ్గురినీ తెచ్చేవారు! పడక సీనుకి ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు, యుద్ధానికి మూడో కృష్ణుడు. కిరీటం ఒకటే, పీతాంబరం ఒకటే, లోపలి మనిషి వేరు. బయటివాడెవడైనా చూస్తే "ఇదేం నాటకం, దేవుడు గంటకోసారి మారిపోతున్నాడేమిటి" అనుకుంటాడు. నేలమీదవాడికి అందులో ఇబ్బంది ఏమీ కనపడలేదు. అతను కృష్ణుణ్ణి చూడ్డానికి రాలేదు, పద్యం వినడానికి వచ్చాడు.

ఈ "వినడం" అనే మాట దగ్గర కాస్త ఆగుతాను. ఎలిజబెత్ రాణి కాలంలో (ఆవిడ 1558 నుంచి 1603 దాకా ఏలింది) లండన్‌వాళ్ళు నాటకం "చూడ్డానికి" అనడంతో పాటు నాటకం "వినడానికి" అని కూడా అనేవారు. ఇంగ్లీషులో ప్రేక్షకుల్ని ఆడియన్స్ అంటాం కదా, ఆ మాటకి మూలం లాటిన్‌లో వినడమే. వాళ్ళ స్టేజీమీద సీనుసీనుకీ మార్చే తెరలు లేవు, లైట్లు లేవు. మధ్యాహ్నం రెండింటికి పట్టపగలు ఆడుతూ "ఇది అర్ధరాత్రి" అని నటుడు మాటల్లో చెబితే జనం అర్ధరాత్రి అనుకోవాలి. చెవితో చీకటిని చూడాలి. మన సురభివాళ్ళది కన్నుకీ విందే. తీగలమీద నారదుడు ఎగురుతాడు, రెండు బాణాలు గాలిలో ఎదురుపడి ఢీకొంటాయి, ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతటవే పోతాయి. అయినా పద్యం తేలిపోతే ఆ తీగలన్నీ కలిసి ఆ రాత్రిని కాపాడలేవు.

లండన్ నేల టికెట్టు ఖరీదు ఒక పెన్నీ. పని తెలిసిన వడ్రంగికో తాపీవాడికో రోజు కూలి సుమారు 12 పెన్నీలున్న రోజులవి. పెన్నీ ఇస్తే స్టేజీ చుట్టూ ఉన్న ఖాళీ జాగాలో నిలబడొచ్చు. ఇంకో పెన్నీ ఇస్తే చుట్టూ ఉన్న మేడల్లో కూర్చోవచ్చు. మూడోది ఇస్తే మెత్త కూడా ఇస్తారు. ఈ లెక్కంతా థామస్ ప్లాటర్ అనే స్విట్జర్లాండ్ యాత్రికుడు రాసిపెట్టాడు. 1599 సెప్టెంబరు 21న మధ్యాహ్నం భోజనం చేసి, తోటివాళ్ళతో కలిసి పడవలో నది దాటి, గడ్డికప్పు ఉన్న నాటకశాలలో జూలియస్ సీజర్ నాటకం చూశాడట. ఆట మధ్యలో తినడానికీ తాగడానికీ అమ్ముతూ తిరిగారనీ, సీజర్ కథంతా అయ్యాక చివర్లో నటులు, కొందరు ఆడవేషాల్లో, చక్కగా నాట్యం చేశారనీ రాశాడు. ఆయన ఎక్కువ రాసింది టికెట్టు గురించి, తిండి గురించి, డాన్సు గురించి. నాటకం మీద విమర్శ పెద్దగా లేదు. నాకిది బాగా నచ్చింది. మామూలు మనిషి ఇంటికొచ్చి చెప్పుకునేవి ఇవే కదా. ఇంకో ముచ్చట, తెలుగులోకి వచ్చిన మొదటి షేక్‌స్పియర్ నాటకం కూడా ఈ సీజరే. వావిలాల వాసుదేవశాస్త్రిగారు 1870ల్లో తెలుగు చేశారు.

ఆ నాటకశాల గ్లోబే అని పండితులు అంటారు. అప్పటికి దానికి ఏడాది కూడా నిండలేదు. దాని పుట్టుక కథ సురభివాళ్ళు వింటే భలే సంతోషిస్తారు. 1576లో జేమ్స్ బర్బేజ్ లండన్ ఉత్తరాన నాటకశాల కట్టాడు. స్థలం కౌలుది. కౌలు గడువు తీరింది, స్థలం ఆసామి పేచీ పెట్టాడు. 1598 డిసెంబరు చివర్లో, ఆసామి ఊళ్ళో లేని సమయం చూసి, బర్బేజ్ కొడుకులు వడ్రంగిని, పనివాళ్ళని వెంటేసుకుని వెళ్ళి హాలు మొత్తం దూలం దూలం ఊడదీసి పట్టుకుపోయారు. ఆ కలపతోనే నదికి దక్షిణాన గ్లోబ్ లేచింది. స్థలం నీది, దూలాలు మావి అన్నారన్నమాట. డేరా విప్పి బండికెక్కించి పక్క ఊళ్ళో పాతడమంటే ఇదే.

నదికి అవతలికే ఎందుకు? లండన్ నగర పెద్దల అధికారం అక్కడ నడవదు. నాటకాలంటే వాళ్ళకి పడదు. పనివాళ్ళు పని ఎగ్గొట్టి వస్తారు, జేబులు కొట్టేస్తారు, ప్లేగు అంటుకుంటుంది, పైగా పాపం. 1572 చట్టం ప్రకారం ఏ ప్రభువు అండా లేని నటుడు దేశదిమ్మరి కింద లెక్క, శిక్ష వెయ్యొచ్చు. అందుకే షేక్‌స్పియర్ కంపెనీ ఒక పెద్ద ఉద్యోగి పేరు తగిలించుకుని బతికింది. మనవాళ్ళకి మైలవరం రాజా, విజయనగరం ఆనందగజపతి ఉన్నట్టు. మన దగ్గర 1876లో బ్రిటిషువాళ్ళు నాటకాల మీద ఒక చట్టం చేశారు, నచ్చని నాటకాన్ని ఆపేసే చట్టం. బ్రిటిషువాళ్ళతో ఆగలేదు లెండి. నూరేళ్ళు ఆడిన కాళ్ళకూరి నారాయణరావుగారి చింతామణిని 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్రని ఆడే తీరు తమని కించపరుస్తోందని ఒక కులంవాళ్ళు చాలాకాలంగా బాధపడుతున్నారు. ఆ బాధ నిజమైనదే. ఆ పాత్రని పెంచి పెంచి బూతులోకి దించింది కూడా ఈలలు వేసిన నేల టికెట్టువాళ్ళే. ఇది నేను దాచిపెట్టను. కానీ నాటకం మొత్తాన్ని ఆపడం వేరు, ఆడే తీరు మార్చుకోమనడం వేరు.

నేల టికెట్టువాడి మీద ఇంకో పెద్ద నేరం "ఒన్స్‌మోర్". ఇది మన తెలుగు నాటకానికి దక్కిన ఇంగ్లీషు మాట. పద్యం బాగా పాడితే ఒన్స్‌మోర్. మళ్ళీ పాడితే మళ్ళీ ఒన్స్‌మోర్. హరిశ్చంద్ర నాటకంలో పాము కరిచి చచ్చిపోయిన లోహితాస్యుడు ఒన్స్‌మోర్ విని లేచి పద్యం పాడి మళ్ళీ చచ్చిపోయాడని చెప్పుకుని నవ్వుతుంటాం. మధ్యలో చదివింపులు వేరే. ఫలానా ఊరి ఫలానావారు కృష్ణ పాత్రధారికి పది రూపాయలు అని చదువుతుంటే కృష్ణుడు రాయబారం ఆపి దణ్ణం పెట్టాలి. బళ్ళారి రాఘవగారి లాంటివాళ్ళు దీన్ని చూసి ఎంత విసిగిపోయి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆయన షేక్‌స్పియర్‌ని ఇంగ్లీషులో ఆడినవాడు, ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డ్ షాని కలిసినవాడు. రాగాలు తగ్గించండి, నటించండి అన్నాడు. ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యాలన్నాడు, కొమ్మూరి పద్మావతీదేవిగారి లాంటి వారితో కలిసి వేసి చూపించాడు. ఆయన చెప్పింది సబబే. నేను కాదనను.

ఇంతకీ గ్లోబ్‌లో కూడా ఇదే గొడవ. నిలబడి చూసేవాళ్ళని అక్కడ "గ్రౌండ్‌లింగ్స్" అని వెటకారంగా పిలిచారు, నేలబారు మనుషులు అన్నట్టు. ఆ పేరు మనకి మొదట కనపడేది షేక్‌స్పియర్ హామ్లెట్‌లోనే. హామ్లెట్ రాకుమారుడు నటులకి పాఠం చెబుతూ, కింద నిలబడేవాళ్ళకి గోల తప్ప ఏమీ అర్థం కాదని ఈసడిస్తాడు. ఇప్పుడు ఆ మధ్యాహ్నాన్ని ఊహించండి. ఆ మాట అంటున్న నటుడి కాళ్ళ దగ్గర, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో, ఆ పెన్నీగాళ్ళే నిలబడి ఉన్నారు. పట్టపగలు కాబట్టి వాడి మొహం వీళ్ళకి, వీళ్ళ మొహాలు వాడికి కనపడుతున్నాయి. తిట్టించుకున్నవాళ్ళు కొట్టడానికి పైకెక్కలేదు. బహుశా నవ్వి ఉంటారు. ఆ తర్వాతి నాటకానికి మళ్ళీ పెన్నీ పట్టుకుని వచ్చారు. తమని తిట్టే నాటకాన్ని కూడా డబ్బిచ్చి విన్నవాళ్ళని, ఏమీ తెలియనివాళ్ళని నేను అనలేను.

ఆడవేషాల సంగతి ఎత్తాను కాబట్టి రెండు మాటలు. లండన్‌లో ఆడపాత్రలన్నీ మగపిల్లలే వేసేవారు. జూలియెట్ కూడా గొంతు మారని కుర్రాడే. మనకి స్థానం నరసింహారావుగారున్నారు. బాపట్లలో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషగాడు రాకపోతే ఆపద్ధర్మంగా చీర కట్టి, తర్వాత సత్యభామగా, చింతామణిగా, రోషనారగా ఆంధ్రదేశాన్ని ఏలారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన చీరకట్టు చూసి నేర్చుకోవడానికి ఆడవాళ్ళు నాటకానికి వచ్చేవారని తెనాలి ప్రాంతంలో ఇప్పటికీ చెబుతారు. సురభివాళ్ళు మాత్రం మొదట్నుంచీ కుటుంబాలు కాబట్టి, చాలా తొందరగానే ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. సురభి కమలాబాయి తల్లి దమయంతి వేషంలో ఉండగా స్టేజీ మీదే నొప్పులొచ్చి ఆవిడ పుట్టిందని, జనం అదీ నాటకంలో భాగమే అనుకున్నారని ఒక కథ ఉంది. కథకి కాస్త ఉప్పూ కారం తగిలి ఉండొచ్చు. కానీ ఆ కమలాబాయే 1932లో మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి. ఆ టాకీయే నాటకం డేరాకి మొదటి దెబ్బ.

గ్లోబ్‌కి దెబ్బ ముందే తగిలింది. 1613 జూన్ 29న ఎనిమిదో హెన్రీ నాటకంలో ఫిరంగి పేల్చారు, నిప్పురవ్వ గడ్డికప్పు మీద పడి హాలంతా కాలిపోయింది. ఎవరూ చావలేదట. ఒకాయన నిక్కరుకి నిప్పంటుకుంటే బీరు పోసి ఆర్పుకున్నాడని అప్పటి ఉత్తరంలో ఉంది. మళ్ళీ కట్టారు. 1642లో యుద్ధం రోజుల్లో పార్లమెంటు నాటకాలన్నీ మూయించింది. తర్వాత పద్దెనిమిదేళ్ళకి రాజు తిరిగొచ్చాక నాటకశాలలు తెరుచుకున్నాయి గానీ, అవి పైకప్పున్న హాళ్ళు, కూర్చునే సీట్లు, ఖరీదైన టికెట్లు. పెన్నీవాడు బయటే ఉండిపోయాడు.

మన దగ్గర చట్టం అక్కర్లేకపోయింది. నేలమీదవాడు డేరాలోంచి లేచి సినిమాహాల్లో కూర్చున్నాడు, అంతే. సురభి సమాజాలు ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉండేవి, చేతివేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన సురభి బాబ్జీగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది, 2022లో ఆయన పోయారు.

1989లో లండన్‌లో ఒక పాత బిల్డింగు పడగొడుతుంటే రోజ్ అనే నాటకశాల పునాదులు బయటపడ్డాయి. షేక్‌స్పియర్ నాటకాలు ఆడిన హాలది. తవ్వితే నేలలో ఏం దొరికిందనుకున్నారు? హేజెల్ కాయల తొక్కలు, బోలెడు. అక్కడివాళ్ళకి అవి మన వేరుశనక్కాయల్లాంటివి. కొన్ని తొక్కలు నేల గట్టిపడ్డానికి కలిపినవి కావొచ్చని పండితులు అంటారు. అన్నీ కాదని నేననుకుంటాను! రాసినవాళ్ళ పేర్లు కాగితాల్లో మిగిలాయి, విన్నవాళ్ళ గుర్తు ఈ తొక్కలు.

కానీ మన నేల టికెట్టువాడు తొక్కలు కాక ఇంకొకటి కూడా మిగిల్చాడు. మా కంప్యూటర్లవాళ్ళ భాషలో బ్యాకప్ అంటాం. అసలుది పోయినా దొరికేలా ఇంకోచోట దాచి ఉంచిన నకలు. కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషుల ఇళ్ళల్లో పద్యనాటకాల పుస్తకాలుండేవి, చెదలు తిన్నాయి. నేలమీద కూర్చున్నవాళ్ళకి పుస్తకం కొనే స్తోమత లేదు, చాలామందికి చదవడమే రాదు. అందుకని మనసులో పెట్టుకున్నారు. ఒన్స్‌మోర్ అని మూడుసార్లు పాడించుకుంటే మూడోసారికి పద్యం వచ్చేస్తుంది. ఒన్స్‌మోర్ గోల అని మనం నవ్వుతున్నది వాళ్ళ బడి. మా తాతయ్య అయిదో క్లాసు. నీళ్ళ వంతుకి రాత్రిపూట పొలం వెళ్ళి, గట్టుమీద కూర్చుని పడక సీను మొత్తం, అర్జునుడిదీ దుర్యోధనుడిదీ కృష్ణుడిదీ, తనే పాడేవారు. రాఘవగారి మాట సబబే అన్నాను. సబబైన మాట వల్ల ఈ పని మాత్రం జరిగేది కాదు.

ఇక మన కువైట్ సంగతి. ఈ దేశంవాళ్ళకి నాటకాలు కొత్త కాదు. సులేమాన్ అల్ బస్సాం అనే కువైటీ దర్శకుడు 2007లో షేక్‌స్పియర్ మూడో రిచర్డ్‌ని అరబ్బుల కథగా మార్చి ఇంగ్లండులో షేక్‌స్పియర్ సొంత ఊళ్ళోనే ఆడించాడు. మనం కూడా పండగలకి ఇండియన్ స్కూళ్ళ ఆడిటోరియంలలో కార్యక్రమాలు చేసుకుంటాం. ఏకపాత్రాభినయాలు, అప్పుడప్పుడు ఓ పద్యం. ఆ మధ్య అలాంటి ఒక కార్యక్రమానికి వెళ్ళాను, ఎవరిదో పేరు అక్కర్లేదు. ముందు నాలుగు వరసలు అతిథులకని రిబ్బను కట్టారు. అతిథులు తొమ్మిదింటికి వచ్చి, శాలువాలు కప్పించుకుని, తొమ్మిదిన్నరకి వెళ్ళిపోయారు. రాయబారం పద్యాలు పాడుతున్నప్పుడు ఆ నాలుగు వరసలూ ఖాళీ. క్యాంపుల నుంచి బస్సుల్లో వచ్చిన కుర్రాళ్ళూ, ఇళ్ళల్లో పనిచేసే అక్కలూ చివర గోడకానుకుని నిలబడి ఉన్నారు. ముందుకి వచ్చి కూర్చోండి అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు, అది తర్వాత తట్టింది. పద్యం పాడిన ఆయన ఖాళీ కుర్చీలకి దణ్ణం పెట్టి దిగిపోయారు. గ్లోబ్‌లో అయినా, మా ఊళ్ళో అయినా, తక్కువ ఇచ్చినవాడికి సుఖం తక్కువ, దగ్గర ఎక్కువ. మనం ఆ దగ్గరని కూడా తీసేశాం.

ఆ రాత్రి బయట పార్కింగులో ఒక కారు పక్కన నిలబడి ఎవరో సన్నగా పాడుతున్నారు. దగ్గరికి వెళితే తెలిసింది, అదే రాయబారం పద్యం, లోపల ఆయన పాడిన దానికంటే ఒక మెట్టు పైన. ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. రాజంపేట దగ్గర పల్లె. నన్ను చూసి ఆపేశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావ్ తమ్ముడూ?" అన్నాను.

"నేర్చుకునేదేముందినా, మా అబ్బ పాడతాంటే వింటి. ఆయప్ప గూడా సదువుకోలే. నాటకాలకి పోయి పోయి వచ్చింది."

"ఎవరి నాటకం? కృష్ణుడెవరు?"

కాసేపు ఆలోచించాడు. ఈలోపు ఫోను మోగింది, వాళ్ళ మామా ఎక్కడికో వెళ్ళాలని పిలుస్తోంది. కారెక్కుతూ అన్నాడు:

"పేరు తెలీదునా. రెండో కృష్ణుడంట."